కుండమార్పిడి

గోడ మీద వేసే ఎన్నికల గుర్తుల్లో సైకిలంత చాకిరీ పెట్టేది ఇంకోటి లేదు. చెయ్యి గుర్తు పసిపిల్లోడు కూడా వేస్తాడు. ఫ్యాను మూడు రెక్కలు, ఒక బొడ్డు. గాజుగ్లాసు నాలుగు గీతలు. సైకిలుకు రెండు చక్రాలూ ఒకే కొలతలో రావాలి. మేకును గోడకు ఆనించి పట్టుకొని, దానికి దారం కట్టి, దారం రెండో కొసకు సుద్దముక్క బిగించి తిప్పాలి. ఇటుక గోడైతే మేకు నిలుస్తుంది. మట్టిగోడైతే పెళ్ల ఊడి చేతికొస్తుంది. మా పక్క నాపరాళ్ల గోడలు ఎక్కువ, వాటి మీద మేకు జారుతుంది. అప్పుడు తోడొచ్చిన పిల్లోడి బొటనవేలే మేకు. ఆ పిల్లోడు వేలు కదిపితే చక్రం కోడిగుడ్డు అవుతుంది. కోడిగుడ్డు చక్రాల సైకిలు చూసి అభ్యర్థి మనుషులు డబ్బులు కోసేవాళ్లు.

1982 నుంచి ఈ చేత్తో ఎన్ని సైకిళ్లు వేశానో లెక్క లేదు. చేతులూ వేశాను, కమలాలూ వేశాను, కంకి కొడవళ్లూ వేశాను. అది కూలి. ఓటు మాత్రం సైకిలుకే వేస్తూ వచ్చాను, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతి ముందుకు పోయాక చెప్తాను.

నాది నంద్యాల. ఇంటామెది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. రెండు ఊళ్ల మధ్య 40 కిలోమీటర్లు, మధ్యలో శిరివెళ్ల. పెళ్లయిన కొత్తలో ఆ 40 కిలోమీటర్లలో రాజకీయం ఇంత మారిపోతుందని నాకు తెలియదు. నంద్యాలలో టీ బంకు దగ్గర "నువ్వు ఏ పార్టీ" అని అడుగుతారు. మా అత్తగారి ఊళ్లో ఎవరూ అట్లా అడగరు. "మీరు ఎవరి పక్క" అంటారు. పక్క అంటే వర్గం. భూమా వాళ్ల పక్కా, గంగుల వాళ్ల పక్కా. పార్టీ అనేది ఆ ఇంటాయన ఆ ఏడు భుజాన వేసుకున్న కండువా. కండువా రంగు మారితే ఊళ్లో జెండాలు మారతాయి, మనుషులు మారరు. నేను పార్టీ మనిషిని, ఆమె పక్క మనిషి. నలభై ఏళ్ల కాపురంలో మా ఇద్దరి ఓట్లు కొన్నిసార్లు కలిశాయి, కొన్నిసార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

నేను పని నేర్చుకున్నది మా ఉస్తాదు దగ్గర. 1977 మార్చిలో నాకు పదహారేళ్లు. సున్నం బకెట్టు మోసేది, నీలిమందు కలిపేది, సున్నంలో తుమ్మజిగురు పోసి చేతికి అంటకుండా అయ్యేదాకా తిప్పేది నా పని. ఎమర్జెన్సీ ఇంకా పూర్తిగా ఎత్తేయలేదు, ఎన్నికలు మాత్రం వచ్చేశాయి. నంద్యాల పార్లమెంటుకు కాంగ్రెసు తరఫున పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు, ఆవూ దూడ గుర్తు. ఆయన అప్పటికే ఇక్కడ 1967లో, 1971లో గెలిచిన మనిషి. ఎదురుగా జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారు. ఆ గుర్తు చక్రంలో నాగలి మోసే రైతు. చక్రం, చక్రంలో మనిషి, మనిషి భుజాన నాగలి. మా ఉస్తాదు ఒకే ఒక గోడ చేత్తో వేసి, చాలురా నాయనా అని, పాత ఎక్స్‌రే ఫిల్ము బ్లేడుతో కోసి అచ్చు తయారుచేశాడు. ఆ ఫిల్ములో ఎవరిదో విరిగిన ముంజేయి కనబడుతుండేది. ఆ ముంజేతిని కోసిన కంతలోంచే నంద్యాల గోడల మీదికి రైతు దిగాడు.

సంజీవరెడ్డి గారి కథ తెలియకుండా ఆ ఎన్నిక అర్థం కాదు. ముఖ్యమంత్రి చేశాడు, కేంద్రంలో మంత్రి చేశాడు, లోక్‌సభ స్పీకరు చేశాడు. 1969లో కాంగ్రెసు పార్టీ ఆయన్నే రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టింది. పార్టీ అభ్యర్థికి పార్టీ వాళ్లు ఓటేయాలి కదా. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమంది. అంతరాత్మలన్నీ వి.వి.గిరి గారి వైపు తిరిగాయి, సొంత పార్టీ ఓట్లు పడక ఈయన ఓడిపోయాడు. ఆ ఏడే కాంగ్రెసు రెండుగా చీలింది. పార్టీకి కట్టుబడ్డవాడు ఎవరు, పార్టీని మోసం చేసినవాడు ఎవరు అని అప్పుడు మొదలైన తగువు ఇంతవరకు తెగలేదు.

ఎనిమిదేళ్లు పొలం చూసుకొని కూర్చున్న మనిషి, 1977లో మా ఊరికొచ్చి ఓటడిగాడు. రాష్ట్రంలో 42 సీట్లు. 41 కాంగ్రెసుకు పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. ఉత్తరాదిన ఇందిరమ్మే ఓడిపోయింది, ఇక్కడ ఆమె పార్టీ ఊడ్చేసింది, ఒక్క మా ఊరు మాత్రం ఎదురీదింది. మెజారిటీ 35 వేలు దాటింది. ఆ మార్చిలోనే ఆయన మళ్లీ స్పీకరు, జూలైకల్లా పోటీ లేకుండా రాష్ట్రపతి. అంటే మా ఎంపీ మాకు దక్కింది నాలుగు నెలలు. తర్వాత వచ్చిన ఉపఎన్నికలో నంద్యాల ఎవర్ని గెలిపించిందో తెలుసా? మార్చిలో ఓడగొట్టిన వెంకటసుబ్బయ్య గారినే.

నాకప్పుడు ఓటు లేదు, కోపం మాత్రం ఉండేది. అదేంది ఉస్తాద్, జనతా అన్నారు, మళ్లీ కాంగ్రెసంటే ఎట్లా అని అడిగాను. ఆయన బ్రష్షు కిరసనాయిల్లో కడుగుతూ, "జనం జనతాకు వేసినారని నీకెవరు చెప్పినారు బేటా? సంజీవరెడ్డికి వేసినారు. ఆయన పోయినాడు, వీళ్లు ఇంటికొచ్చినారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పదహారేళ్లప్పుడు ఎవరు ఒప్పుకుంటారు.

1983 జనవరిలో నా మొదటి ఓటు. అప్పటికి ఓటు వయసు 21. అంతకు ముందు మార్చిలో పుట్టిన సైకిలు పార్టీ, తెలుగుదేశం, జనవరికల్లా అధికారంలో కూర్చుంది. ఆ చలికాలం మేము నిద్రపోయింది లేదు. కాంట్రాక్టు కన్నా ఉబలాటం ఎక్కువ. పసుపు రంగు దొరక్క పసుపుకొమ్ములు దంచి సున్నంలో కలిపిన వాళ్లున్నారు, నాలుగు రోజులకు అది ఎర్రబారి పార్వతీపరమేశ్వరుల గుడి గోడలా అయింది. సున్నమూ పసుపూ కలిస్తే పారాణి అవుతుందని ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెప్పేవాళ్లు, ఎవరడిగారు? నేను వేసిన మొదటి సైకిలు నూనెపల్లెలో ఒక వడ్ల కొట్టు గోడ మీద. రెండు చక్రాలకూ స్పోకులు లెక్కపెట్టి సమంగా వేశాను. ఆ గోడ కింద మూలన "ఈ గోడ 1985 వరకు రిజర్వు" అని రాసుకున్నాము. అట్లా రాస్తే ఇంకో పార్టీ వాళ్లు ముట్టుకోకూడదు, అది మా వృత్తిలో ధర్మం. ఎక్కువమంది పాటించేవాళ్లు కూడా.

ఇక ఆ ఒక్కసారి. 1991లో సాధారణ ఎన్నికల్లో నంద్యాల ఎంపీగా గంగుల ప్రతాపరెడ్డి గారు కాంగ్రెసు తరఫున గెలిచారు. రాజీవ్‌గాంధీ హత్య తర్వాత పీవీ నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. ఆయన ఆ ఎన్నికల్లో నిలబడనే లేదు, పార్లమెంటులో సభ్యుడు కావాలి. ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. నవంబరులో ఉపఎన్నిక. తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడు, మేము పోటీ పెట్టము అన్నాడు ఎన్టీఆర్. కాంగ్రెసును కూకటివేళ్లతో పెరకడానికి పుట్టిన పార్టీ, కాంగ్రెసు ప్రధానికి దారి వదిలింది.

నాకు రెండు నష్టాలు. ఒకటి, గోడల మీద సగం పని పోయింది. రెండోది బూతులోకి పోయాక తెలిసింది. కాగితం మీద సైకిలు లేదు. ఉన్నవాటిలో చెయ్యి, బంగారు లక్ష్మణ్ గారి కమలం, ఇంకా ఎవరెవరివో గుర్తులు. స్వస్తిక్ ముద్ర చేతిలో పట్టుకొని అట్లే నిలబడ్డాను. వెనక లైనులో ఎవరో దగ్గారు. పార్టీ చెప్పినట్టు వినేవాడే పార్టీ మనిషైతే, పార్టీ ఆ రోజు నన్ను చేతికి గుద్దమంటోంది. గుద్దాను. లెక్క తేలాక పీవీ గారి మెజారిటీ 5,80,297. ప్రపంచ రికార్డు అన్నారు. అందులో నా ఒక్క ఓటూ ఉంది, సైకిలు మనిషి వేసిన చెయ్యి ఓటు. ఇంటికొచ్చి చెప్తే ఆమె, "సర్దుకుపోవడం నీకూ వచ్చునే" అంది. రాజీ అనే మాటకు మా ఇంట్లో వాడే మాట అదే.

1996లో పీవీ గారు మళ్లీ ఇక్కడే నిలబడ్డారు, ఒడిశాలో బరంపురంలోనూ నిలబడ్డారు. ఈసారి ఎదురుగా సైకిలుంది, భూమా నాగిరెడ్డి గారు. పీవీ గారే గెలిచారు గానీ మెజారిటీ లక్షలోపుకు దిగింది. రెండు చోట్లా గెలిచినవాడు ఒకటి వదులుకోవాలి. నంద్యాలను వదిలేశారు. 1969లో సంజీవరెడ్డి గారిని ఓడించిన గిరి గారు పుట్టిందీ ఆ బరంపురంలోనే. ఆ ఊరితో మాకేదో పాత బాకీ ఉన్నట్టుంది. ఒక రాష్ట్రపతినీ ఒక ప్రధానినీ పార్లమెంటుకు పంపిన ఊరు మాది, ఇద్దరూ ఎక్కి పోయిన మెట్టు మేము. ఉపఎన్నికలో నాగిరెడ్డి గారు గెలిచారు. 1998లోనూ, 1999లోనూ ఆయనే.

మధ్యలో 1995 ఆగస్టు దాటి వచ్చేశాను, కావాలనే. పార్టీ చీలి ఎన్టీఆర్ ఒక పక్క, చంద్రబాబు ఒక పక్క. సైకిలు చంద్రబాబుతో పోయింది. నేను సైకిలు మనిషినా, ఆ సైకిలు తెచ్చినాయన మనిషినా అని ఎవరూ అడగలేదు గానీ, నాలో నేను చాలా రోజులు అడుక్కున్నాను. 1996 జనవరిలో ఆయన పోయాడు. ఎన్నికలొచ్చాయి. మేకు, దారం, సుద్దముక్క తీసుకొని మళ్లీ సైకిలు వేశాను. చెయ్యి తనంతట తనే తిరిగింది. వర్గం మనుషుల్ని నేను వెక్కిరించడం ఆ తర్వాత కొంచెం తగ్గించాను.

ఆ రోజుల్లోనే గోడల కాలం ముగిసింది. శేషన్ గారు ఎన్నికల కమిషనరుగా వచ్చాక ఇంటాయన అనుమతి కాగితం లేకుండా గోడ ముట్టుకుంటే కేసు. 1997లో రాష్ట్రంలో గోడల మీద రాతల్ని కట్టడి చేస్తూ చట్టమే వచ్చింది. ఆ తర్వాత ఫ్లెక్సీలు దిగాయి. ఒక రాత్రిలో వంద సైకిళ్లు, అన్నీ గుండ్రటి చక్రాలే. నేను స్కూలు గోడల మీద సూక్తులు, లారీల వెనక దిష్టిబొమ్మలు, ట్రాక్టరు ట్రాలీల మీద పేర్లు రాసుకుంటూ బతికాను. నంది పైపుల ప్రకటనలు కూడా చాలా గోడలకు రాశాను. ఆ కంపెనీ ఆయన ఎస్పీవై రెడ్డి గారు. ఆయన గుర్తుల వరస ఒక్కటి చెప్తే చాలు. 1991లో కమలం. 2004లో, 2009లో చెయ్యి, రెండుసార్లూ ఎంపీ. 2014లో ఫ్యాను, మళ్లీ ఎంపీ. ఆ 2014లో ఆయన మీద ఓడిపోయింది సైకిలు గుర్తు ఎన్.ఎం.డి.ఫరూక్ గారు. లక్ష పైచిలుకు ఓట్లతో ఓడించిన ఎస్పీవై రెడ్డి గారు, ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే సైకిలెక్కేశారు. గెలిచినాయనా ఓడినాయనా ఒకే పార్టీ. మరి మేము వేసిన ఓట్లు దేనికి లెక్క? 2019లో గాజుగ్లాసు. పోలింగు అయ్యాక, లెక్కింపుకు ముందు, ఏప్రిల్ 30న ఆయన చనిపోయారు.

ఇప్పుడు ఆళ్లగడ్డ. అక్కడ చెప్పాల్సింది ఎక్కువ.

2008లో చిరంజీవి పార్టీ పెట్టాడు. భూమా దంపతులు ప్రజారాజ్యంలోకి పోయారు. 2009లో ఆళ్లగడ్డలో శోభా నాగిరెడ్డి గారు రైలింజను గుర్తు మీద గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి 18 సీట్లు, అందులో ఇదొకటి. నాగిరెడ్డి గారు నంద్యాల ఎంపీకి నిలబడి ఓడిపోయారు. ఆ రోజు మా ఇంట్లో రెండు ఓట్లు రెండు దిక్కులకు పోయాయి. నాది సైకిలు, ఆమెది రైలింజను. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెసులో కలిసింది. శోభ గారు కలవలేదు, జగన్ పక్కన నిలబడ్డారు. డిసెంబరులో అవిశ్వాస తీర్మానం మీద ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. 2012 మార్చిలో స్పీకరు 17 మందిని అనర్హుల్ని చేశారు. 16 మంది కాంగ్రెసు వాళ్లు, పదిహేడో మనిషి శోభ గారు. జూన్‌లో ఉపఎన్నిక, ఫ్యాను గుర్తు, మళ్లీ ఆమే. ఓడింది కాంగ్రెసు తరఫున గంగుల ప్రభాకరరెడ్డి గారు.

2014 ఏప్రిల్ 23 రాత్రి ఆమె నంద్యాలలో ప్రచారం ముగించుకొని ఆళ్లగడ్డకు పోతున్నారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పను తప్పించబోయి కారు బోల్తా కొట్టింది. మరునాడు హైదరాబాదులో ప్రాణం పోయింది. మా పక్క తారురోడ్డే కల్లం. దాని మీద వడ్లు పోయని రైతు లేడు. మా ఆమె మూడు రోజులు పొయ్యి ముట్టించలేదు, నేనే వండుకున్నాను. రాజకీయం మాట ఎత్తలేదు. ఆ రోజుల్లో ఎత్తగలిగిన వాడెవడూ ఆ 40 కిలోమీటర్లలో లేడు.

పోలింగు మే 7న. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతే ఎన్నిక వాయిదా వేస్తారు. వైఎస్సార్ కాంగ్రెసుకు అప్పటికి ఆ గుర్తింపు లేదు, నమోదైన పార్టీ మాత్రమే. కాబట్టి ఎన్నిక ఆగలేదు, మిషను మీద ఆమె పేరూ తీయలేదు. చనిపోయిన మనిషి పేరు ఎదురుగా మీట. మా అత్తగారికి అప్పటికి ఎనభై. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయారు. బయటికొచ్చి, "వేసొచ్చినా నాయనా, బిడ్డకు ఆఖరి బువ్వ పెట్టినట్టుంది" అంది. 17 వేలు దాటిన మెజారిటీతో శోభ గారు గెలిచారు. ఓడింది మళ్లీ గంగుల ప్రభాకరరెడ్డి గారే, ఈసారి సైకిలు గుర్తు మీద. ఏడాది చివర్లో ఉపఎన్నిక వస్తే తెలుగుదేశం పోటీ పెట్టలేదు, కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎమ్మెల్యే అయింది. ఆ మర్యాద రెండు ఇళ్ల మధ్య నిలిచిందని నేను సంతోషపడ్డాను. సంతోషం నాకు త్వరగానే వస్తుంది.

అదే 2014లో నంద్యాల అసెంబ్లీకి నాగిరెడ్డి గారు ఫ్యాను, శిల్పా మోహనరెడ్డి గారు సైకిలు. శిల్పా గారు 2004లో, 2009లో కాంగ్రెసు ఎమ్మెల్యే. పదేళ్లు ఆయన్ను తిట్టిన నోటితోనే, సైకిలెక్కాడు కాబట్టి, ఆయన కోసం వీధి వీధీ తిరిగాను. నాగిరెడ్డి గారిని తిట్టాను కూడా. పదేళ్లకు పైగా ఎంపీగా, ఎమ్మెల్యేగా సైకిలు మీదే తిరిగి, సైకిలును వదిలేసినాడని నా కడుపుమంట. ఆయన నాలుగు వేలలోపు మెజారిటీతో గెలిచారు. ఇంట్లో ఆమె గెలిచింది, నేను ఓడాను.

2016 ఫిబ్రవరిలో నాగిరెడ్డి గారు, అఖిలప్రియ పసుపు కండువా కప్పుకున్నారు. టీవీలో చూస్తున్నాము. ఆమె పప్పు కవ్వంతో ఎనుపుతూ, టీవీ వైపు కూడా తిరక్కుండా, "మా ఊరోళ్లు నీ సైకిలెక్కినారు. ఇంగ సంతోషమేనా?" అంది.

ఏం చెప్పను? 1985లో పార్టీ ఫిరాయింపుల మీద చట్టం తెచ్చారు. అంతకు ముందు హర్యానాలో గయాలాల్ అనే ఆయన పదిహేను రోజుల్లో మూడుసార్లు మారాడని ఆ పేరు మీద సామెతే పుట్టింది. 2003లో చట్టాన్ని ఇంకా బిగించారు. ఆ చట్టం భూమా వాళ్ల ఇంటికి ఒకసారి వచ్చింది, 2012లో శోభ గారి పదవి తీసింది. 2016లో అదే ఇంటి ముందు నుంచి తల తిప్పుకొని పోయింది. ఆ అయిదేళ్లలో ఫ్యాను నుంచి సైకిలెక్కిన ఎమ్మెల్యేలు 23 మంది, ఒక్కరి పదవీ పోలేదు. నలుగురు మంత్రులయ్యారు. 2017 మార్చి 12న నాగిరెడ్డి గారు గుండెపోటుతో పోయారు. ఏప్రిల్‌లో అఖిలప్రియ ఆ నలుగురిలో ఒకరిగా మంత్రి అయింది. 2019 మే 23న ఫలితాలొస్తే తెలుగుదేశానికి దక్కినవి సరిగ్గా 23. ఆ లెక్క చెప్పి నవ్వని టీ బంకు లేదు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చి అన్నం సయించలేదు.

కానీ అసలు సంగతి 2017 ఆగస్టుది. నాగిరెడ్డి గారి సీటుకు ఉపఎన్నిక. ఆయన అన్న కొడుకు బ్రహ్మానందరెడ్డికి సైకిలు ఇచ్చారు. టికెట్టు తనకు రాదని తేలాక శిల్పా మోహనరెడ్డి గారు జూన్‌లోనే ఫ్యాను కిందికి పోయారు. తమ్ముడు చక్రపాణిరెడ్డి గారు కూడా ఎమ్మెల్సీకి రాజీనామా చేసి వెనకే పోయారు. మూడేళ్ల కిందట భూమా ఫ్యాను, శిల్పా సైకిలు. ఇప్పుడు భూమా సైకిలు, శిల్పా ఫ్యాను. ఆళ్లగడ్డలో ఇంతకంటే తక్కువేం లేదు. భూమా వాళ్లు సైకిలు మీదికి వచ్చేసరికి, 2014లో సైకిలు మీద నిలబడ్డ గంగుల ప్రభాకరరెడ్డి గారు ఈ ఉపఎన్నిక ముందరే ఫ్యాను కిందికి పోయారు.

దీన్ని మా పక్క కుండమార్పిడి అంటారు. మా ఇంటి పిల్లను మీ ఇంటికిచ్చి, మీ ఇంటి పిల్లను మా ఇంటికి తెచ్చుకోవడం. కట్నాల బాధ ఉండదు. కాకపోతే ఒక ఇంట్లో తగువు పడితే రెండిళ్లలోనూ పొయ్యి ఆరుతుంది.

ఆ నెల నంద్యాల నంద్యాలలా లేదు. ముఖ్యమంత్రి వచ్చాడు, మంత్రులందరూ వచ్చారు, జగన్ వీధి వీధీ తిరిగాడు. రోడ్లు వెడల్పు చేశారు, పగలగొట్టిన ఇళ్ల ముందు నిలబడి ఒకరు అభివృద్ధి అన్నారు, ఒకరు అన్యాయం అన్నారు. శిరివెళ్ల దగ్గర పల్లె నుంచి మా షడ్డకుడు వచ్చాడు. మా ఆమె చెల్లెలి మొగుడు, అయితే గంగుల పక్క. పెళ్లినాటి నుంచి ఆ ఇంట్లో ఆ కుంపటి ఉంది. నేనతన్ని ఎగతాళి చేశాను. 2012లో చెయ్యి, 2014లో సైకిలు, ఇప్పుడు ఫ్యాను, నీకు సిగ్గు లేదేమప్పా అన్నాను. అతను మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "నేను యాడికీ పోలేదన్నా. అప్పుడు ఎవరింటికి పోతాంటినో ఇప్పుడూ ఆ ఇంటికే పోతాండా. ఆ ఇంటి మీద జెండా మారితే నేనేం చేసేది? నువ్వు చెప్పు, మూడేళ్ల కిందట శిల్పా కోసం తిరిగినావు, ఇప్పుడు శిల్పాను ఓడగొట్టమని తిరుగుతాండావు. మారింది నువ్వా నేనా?" అన్నాడు.

మా ఆమె ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి అతనికే పోసింది.

ఆ మాట మీద నేను ఇప్పటికీ అతనితో పూర్తిగా ఒప్పుకోను. పక్క మనుషులు ఇంటికి కట్టుబడతారు, ఆ ఇల్లు చెప్పిందే వేదం. పిల్లోడి ఉద్యోగానికి సిఫారసు, స్టేషన్లో ఒక మాట, పెళ్లికి అక్షింతలు, ఆ ఇంటి నుంచే వస్తాయి. ఆ లెక్కలో పొలానికి నీళ్లు, పంటకు ధర అనే మాటలు అయిదేళ్లకోసారి వినబడి పోతాయి. పార్టీ మనిషికి ఒక్క మేలుంది, పార్టీని నిలదీయొచ్చు. అని నేను వాదిస్తాను. నేనెప్పుడు నిలదీశాను అని అడిగితే మాత్రం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒకసారి, ఏ ఏడాదో ఏ బూతో చెప్పను, నేను పోయేసరికి నా ఓటు పడిపోయి ఉంది. టెండరు ఓటు వేయండి అన్నారు. కాగితం మీద వేసి కవర్లో పెట్టారు. కోర్టు అడిగితే తప్ప దాన్ని ఎవరూ లెక్కపెట్టరట. నా ఓటు వేసినవాడు ఏ గుర్తుకు వేశాడో గానీ, దానికీ నేను నిలదీయలేదు. ఏజెంట్లు రెండు పక్కల వాళ్లూ తెలిసినవాళ్లే.

ఆగస్టు 23న పోయాను. ఓటు ఎవరికి పడిందో చూపించే చీటీల మిషన్లు మా ఊళ్లో అన్ని బూతుల్లో పెట్టారు. మీట నొక్కితే అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి, తెగి డబ్బాలో పడుతుంది. నొక్కాను. చీటీ దిగింది. సైకిలు బొమ్మ, నిగనిగలాడే చిన్న బొమ్మ, చక్రాలు రెండూ గుండ్రంగా ఉన్నాయి. పక్కన పేరు. మూడేళ్ల కిందట వీధి వీధీ తిరిగి నేను తిట్టిన ఇంటి పేరు. ఏడు సెకన్లు తక్కువ సమయం కాదు. తెగి పడేదాకా చూస్తూనే ఉన్నాను.

28న లెక్క తేలింది. సైకిలుకు 97,076, ఫ్యానుకు 69,610. మెజారిటీ 27,466. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంట్లో రెండు ఓట్లూ ఒక పక్క పడి, రెండూ గెలిచాయి. ఆమె సేమ్యా పాయసం చేసింది. నా గ్లాసులో జీడిపప్పు ఎక్కువ వేసింది, వెక్కిరింతకే.

తర్వాతివి గబగబా చెప్పేస్తాను, మీకూ తెలిసినవే. 2019లో నంద్యాలలో శిల్పా వాళ్ల అబ్బాయి రవి, ఆళ్లగడ్డలో గంగుల వాళ్ల అబ్బాయి బ్రిజేంద్ర, ఇద్దరూ ఫ్యాను మీద గెలిచారు. 2024లో రెండూ తిరగబడ్డాయి. ఆళ్లగడ్డలో అఖిలప్రియ. నంద్యాలలో పోలింగుకు రెండు రోజుల ముందు సినిమా హీరో అల్లు అర్జున్ రవి ఇంటికొస్తే ఊరంతా మేడలెక్కింది. గెలిచింది మాత్రం ఫరూక్ గారు. 1985 నుంచి సైకిలు దిగని మనిషి. ఇక్కడ 1999లో గెలిచాక మళ్లీ గెలిచింది 2024లో. మధ్యలో 25 ఏళ్లు. ఎంపీకి పంపితే పోయి ఓడాడు, ఓడించినాయన వచ్చి పక్కన కూర్చుంటే ఊరుకున్నాడు, 2017లో టికెట్టు ఇంకొకరికిస్తే ప్రచారం చేశాడు. ఆయన్ను చూసి నేను గర్వపడాలో జాలిపడాలో చాలా కాలం తెలియలేదు. ఇప్పుడు మంత్రి. గెలిచిన రోజు గాంధీచౌక్ దాకా నడిచి పోయి దూరం నుంచి చూసి వచ్చాను. ఫ్లెక్సీలో సైకిలు బాగుంది.

మా షడ్డకుడి ట్రాలీ సంగతి చెప్పాలి. దాని వెనక పలక మీద పేరు, ఊరు, కింద గుర్తు రాసేది ఎప్పుడూ నేనే. 2012లో చెయ్యి రాశాను. 2014లో దాన్ని గీకి సైకిలు వేశాను, డబ్బులు తీసుకోలేదు, సైకిలు కదా అని. 2017లో గీకించి ఫ్యాను వేయించుకున్నాడు, దానికి మాత్రం ముక్కుపిండి వసూలు చేశాను. 2022లో, నంద్యాల జిల్లా అయిన ఏడు, కొత్త ట్రాలీ కొన్నాడు. పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా నా దగ్గరకు తోలుకొచ్చాడు. పేరు రాశాను. ఊరు రాశాను. జిల్లా పేరు కొత్తది రాశాను. గుర్తు ఏం వేయమంటావు అని డబ్బా మూత తీశాను.

"వద్దులేన్నా. కింద జానెడు జాగా వదులు, చూస్తాం" అన్నాడు.

జాన వేసి కొలిచి, నీలం దారంతో గీత కొట్టి, లోపల ఖాళీగా వదిలేశాను. 2024 ఎన్నికలు అయిపోయాయి. పోయిన సంక్రాంతికి ట్రాలీ తోలుకొచ్చి వాకిట్లో నిలిపాడు. ఏ గుర్తో అనుకొని రెండు రంగులూ కలిపి పెట్టుకున్నాను. ఆ జానెడు జాగాలో మనవరాలి పేరు రాయించుకొని పోయాడు.